కొసరు

మా ఆస్పత్రిలో చేరడానికి ఇంటర్వ్యూలకొచ్చే అభ్యర్థుల విందుకు నేను ప్రతి జనవరిలోనూ చికెన్ బీన్స్ సూపే చేస్తాను. పెద్ద గిన్నెలో ఒకేసారి అయిపోతుంది. మంచు వల్ల విమానాలు ఆలస్యమై ఎవరు ఎప్పుడొచ్చినా వేడిగా పొయ్యొచ్చు. మాంసం తిననివాళ్ళకు చికెన్ వెయ్యకముందే కొంత తీసి పక్కన పెట్టొచ్చు. తక్కువ శ్రమ, ఎక్కువ పేరు. రసీన్ ఊళ్ళో పాత కార్లు అమ్మిన మనిషి కూతుర్ని నేను. ఏ పనికి ఏం గిట్టుబాటవుతుందో చూసుకోకుండా గరిటె కూడా తిప్పను.

ఆ సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతున్నాను. ముందుగదిలో కొందరు కుర్ర డాక్టర్లు బూట్లు గుమ్మం దగ్గర విడిచి, మేజోళ్ళతో బిడియంగా కూర్చున్నారు. మా ఆయన క్రెయిగ్ వాళ్ళకు బీరు సీసాలు అందిస్తూ, ఏటా చెప్పే మాటే చెప్పాడు.

"మా ఇద్దర్నీ ఈ ఆస్పత్రి ఎలా తీసుకుందో తెలుసా? నన్ను కొన్నారు. లోర్నా కొసరు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అభ్యర్థులు నవ్వితే మంచిదే, ఇంటికి వెళ్ళాక మిల్వాకీలో మనుషులు సరదాగా ఉంటారని చెప్పుకుంటారు.

ఆ మాటలో అబద్ధం ఉందని నాకెప్పుడూ అనిపించలేదు. వైద్య విద్య చివరి ఏడాది మేమిద్దరం రెసిడెన్సీకి, అంటే ఆస్పత్రిలో పనిచేస్తూ పొందే పై శిక్షణకి, జంటగా దరఖాస్తు పెట్టుకున్నాం. పెట్టుకున్నవాళ్ళు ఏ ఆస్పత్రి కావాలో వరుసగా రాసిస్తారు, ఆస్పత్రులు ఎవరు కావాలో వరుసగా రాసిస్తాయి, కంప్యూటర్ రెండూ కలుపుతుంది. జంటగా పెట్టుకుంటే ఇద్దరికీ ఒకే ఊళ్ళో వచ్చేలా చూస్తారు. క్రెయిగ్‌కి సర్జరీలో వచ్చింది, నాకు పరిశోధన చేసే డాక్టర్ల కోసం ఉన్న ప్రత్యేక రెసిడెన్సీలో వచ్చింది. సర్జన్ కోసమే నన్నూ తీసుకున్నారని ఇంట్లో అందరూ ఎలా అనుకున్నారో, నేనూ అలాగే అనుకున్నాను. మా అత్తగారు ఆర్డిస్ థాంక్స్‌గివింగ్ పండుగ రోజున టర్కీ కోడి ముక్కలు వడ్డిస్తూ, "మావాడి వెనకాలొచ్చి నువ్వూ బాగుపడ్డావు అమ్మాయ్" అనేది. ప్రేమగానే అనేది. ఆవిడ వడ్డించే ముక్కలు కూడా అలాగే ఉండేవి, మెత్తగా, ఉప్పు లేకుండా.

కొసరు అనుకున్న మనిషి ఎలా బతుకుతుందో నాకు తెలుసు. ఎక్కడా బరువు కాకూడదు. అసలు సరుకు నిలబడాలంటే కొసరు కాస్త ఒదగాలి. క్రెయిగ్ రాత్రి డ్యూటీలకు తగ్గట్టు నా డ్యూటీలు మార్చుకున్నాను. మూత్రపిండంలో దెబ్బ తగిలిన చోట మచ్చ ఎందుకు గట్టిపడుతుందో, కొందరిలో ఎందుకు గట్టిపడదో కనిపెట్టాలని నాకో ల్యాబ్ ఉండేది. రెండో బిడ్డ పుట్టాక దాన్ని మూసేశాను. పరిశోధన వైపు వచ్చే రెసిడెంట్లను ఎంచి తెచ్చే పని తీసుకున్నాను. రోగుల్ని చూశాక మిగిలిన సమయంలో చేసే పని. దానికి ప్రత్యేకంగా జీతం లేదు, గౌరవం మాత్రం ఉందని చెప్తారు.

ఆ పనిలో నేను గట్టిదాన్ని. మా నాన్న కొనడానికి వచ్చినవాడి మొహం చూసేవాడు కాదు, వాడు ఏ కారు చుట్టూ రెండోసారి తిరుగుతున్నాడో చూసేవాడు. నేనూ అంతే. బోస్టన్‌తో, శాన్‌ఫ్రాన్సిస్కోతో పేరులో పోటీపడలేం. మేం అమ్మేది ఒకటే, సమయం. "మా దగ్గరికి వస్తే శిక్షణలో సగం కాలం ల్యాబ్‌లోనే ఉంటారు. ఆ సమయాన్ని ఎవరూ ముట్టుకోరు, నేను ముట్టుకోనివ్వను" అంటాను. మాట తప్పలేదు. వార్డులో మనుషులు తక్కువై నా రెసిడెంట్‌ని లాక్కోబోతే, వెళ్ళి పోట్లాడి తెచ్చుకున్నాను.

ఆ విందు రోజున తాలియా బ్రూక్స్ అనే అమ్మాయి ఖాళీ గిన్నెలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఆ ఏడాది వచ్చినవాళ్ళందరిలోకీ మెరిక. పిల్లల్లో వచ్చే ఒక ఎముకమజ్జ జబ్బు మీద అప్పటికే మంచి పని చేసింది. ఆమె భర్త డెవిన్ ఎముకల సర్జరీకి పెట్టుకున్నాడు. వాళ్ళదీ జంట దరఖాస్తే.

"మీరు సమయాన్ని కాపాడతామన్నారు కదా, అది నాకు బాగా నచ్చింది" అంది. "మీ ల్యాబ్ ఏ అంతస్తులో? వెళ్ళేముందు చూడొచ్చా?"

"ఇప్పుడు లేదమ్మా" అన్నాను.

"ఓ" అంది. గిన్నెలు సింకులో పెట్టింది. తను అమ్మే కారు తను నడపని మనిషిని చూసినట్టు చూసింది నన్ను. తప్పు ఆమెది కాదు, నేనైనా అలాగే చూసేదాన్ని.

అది నొప్పి పెట్టడానికి ఇంకో కారణం ఉంది. నన్ను రెసిడెన్సీలోకి తీసుకున్న డాక్టర్ ఓట్‌మన్ ఆ వేసవిలో తన ల్యాబ్ వదిలేస్తున్నారు. "నా ల్యాబ్ బల్లలు నువ్వు తీసుకో లోర్నా. వారానికి రెండు రోజులు నీకు వదులుతామని శాఖ ఒప్పుకుంది" అన్నారు. "ఫిబ్రవరి సమావేశం రోజుకల్లా చెప్పు. లేకపోతే ఆ గది పగలగొట్టి తీసుకోడానికి స్కానింగ్ వాళ్ళు సుత్తులు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నారు."

ఇంట్లో చెప్పాను. క్రెయిగ్ కోప్పడలేదు, అతనికి కోపం రాదు. "మంగళ, గురువారాలు నాకు పెద్ద ఆపరేషన్లు. పిల్లల్ని ఈత క్లాసు నుంచి ఎవరు తెస్తారు? ల్యాబ్‌లో ఎలకల్ని చూసుకోడానికి ఎవరైనా దొరుకుతారు లోర్నా. పిల్లలకి మనమే కదా ఉన్నాం" అన్నాడు. ఆ 'మనం'లో కారు నడిపేది ఎవరో ఇద్దరికీ తెలుసు. వద్దని చెప్పేద్దామనే అనుకున్నాను. ఎలా చెప్తే ముసలాయన నొచ్చుకోడో మాటలు కూడా పేర్చుకున్నాను.

ఫిబ్రవరి సమావేశంలో అభ్యర్థుల్ని వరుసలో పెడుతున్నాం. తాలియా పేరు పైన పెట్టాలన్నాను. బల్లకి అటువైపు ఉన్న గుండె డాక్టరు పెదవి విరిచాడు.

"అమ్మాయి బ్రహ్మాండం, కాదనను. కానీ మొగుడు మామూలు సరుకు. మన ఎముకలవాళ్ళు అతన్ని తీసుకోరు. అతనెక్కడికెళ్తే ఈమె అక్కడికే పోతుంది. చోటు దండగ."

"పోతుందని మీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరైనా పోతారు. నువ్వు రాలేదూ?" అన్నాడు నవ్వుతూ.

ఓట్‌మన్ అప్పటిదాకా కునుకు తీస్తున్నారని అందరం అనుకున్నాం. కళ్ళు తెరవకుండానే అన్నారు.

"తెలివితక్కువగా మాట్లాడకు. లోర్నా ఎవరి వెనకా రాలేదు. ఆమె కోసం నేనే సర్జరీవాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళి, వాళ్ళ దరిద్రపు కాఫీ తాగాను. కుర్రాడి చేతులు ఫరవాలేదు కానీ మాకు అంతకంటే మంచివాళ్ళున్నారు అన్నారు. మీరతన్ని జాబితాలో పైకి జరపకపోతే నాకా అమ్మాయి చెయ్యి జారిపోతుందని చెప్పి, బతిమాలి ఒప్పించాను. ఇప్పుడూ అంతే, ఎవరైనా లేచి ఎముకలవాళ్ళ దగ్గరికి వెళ్ళండి." కళ్ళు తెరిచి నావైపు చూశారు. "ఏంటలా చూస్తావ్? నీకు తెలీదూ? మీవాడికి తెలుసే."

ఆయన ఎనిమిదింటికే పడుకుంటారు. మా ఇంటి విందులకు ఎప్పుడూ రాలేదు. క్రెయిగ్ హాస్యం ఆయన చెవిన పడే అవకాశమే లేదు.

నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చాలా దూరం మోసుకొచ్చిన సంచీని ఎవరో వెనకనుంచి పట్టుకుని, ఇక వదిలెయ్ అన్నట్టుంది. భుజం తేలికైంది. ఆ తేలికలో ఒక విషయం చాలా మామూలుగా తోచింది. క్రెయిగ్ కొసరు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ ఇన్నేళ్ళు హాయిగా, నిండుగా, ఎవరికీ ఒదగకుండా బతికాడు. మంచి సర్జన్ అయ్యాడు. కొసరుగా వచ్చినందుకు ఒక్క గిన్నె కూడా కడగలేదు. అంటే కొసరుగా రావడానికి వెలంటూ ఏమీ లేదు. నేను కట్టింది దాని వెల కాదు. ఓట్‌మన్ చెప్పింది తిరగబడి, నిజంగా నేనే కొసరునని తేలినా, కట్టాల్సింది ఏమీ లేకపోయేది.

ఎముకలవాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళాను. వాళ్ళ కాఫీ కూడా దరిద్రంగానే ఉంది. డెవిన్ కాగితాలు ఇంకోసారి చూస్తామన్నారు. తిరిగి వస్తూ నడవాలో ఓట్‌మన్‌ని ఆపి, "బల్లలు నాకే. స్కానింగ్ వాళ్ళని సుత్తులు సర్దుకోమనండి" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు ఊపి, చలికోటు వేసుకోవడానికి వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చేసరికి క్రెయిగ్ వంటింట్లో నిలబడి టపా చూసుకుంటున్నాడు. కోటు విప్పకుండానే అడిగాను.

"నా కోసం నిన్ను తీసుకున్నారని నీకు తెలుసా?"

తలెత్తాడు. చెవులు కొద్దిగా ఎర్రబడ్డాయి. "ఓట్‌మన్ చెప్పాడా? మా చీఫ్ మొదటి వారంలోనే చెప్పాడు. అయితే ఏమైంది లోర్నా? ఎవరో ఒకరు ఎవరో ఒకరి వెంట రావాలి కదా. అంతమాత్రాన ఏం తేడా పడుతుంది?"

"ఏమీ పడదు" అన్నాను. నిజంగానే అన్నాను. "ఆ మాట నాకు మొదటి వారంలోనే చెప్పి ఉంటే బావుండేది. జులై నుంచి మంగళ, గురువారాలు నేను ల్యాబ్‌లో ఉంటాను. పిల్లల ఈత నీది, వంట నీది."

"ఆ రోజులు నాకు ఆపరేషన్లని చెప్పాను కదా."

"రోజులు మార్చుకో. నేను చాలాసార్లు మార్చుకున్నాను, పెద్ద కష్టమేం కాదు."

అతను ఒక కవరు చించాడు, చదవకుండానే మళ్ళీ మడిచాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకున్నాను. కాళ్ళు బల్ల కింద బారజాపాను. కిటికీ అవతల మంచు పడుతోంది, ఎవరు ఎత్తిపోస్తారోనన్న ఆలోచన కూడా రాలేదు.

చివరికి అలవాటు కొద్దీ పొయ్యి వైపు చూసి అడిగాడు. "రాత్రికి ఏముంది?"

"నువ్వు చేశాక తెలుస్తుంది" అన్నాను.