కుంకుడు రసంలో హారం

వరమహాలక్ష్మి పండగకు వారం ముందు హారాన్ని కుంకుడు రసంలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమడం నా పని. బెంగళూరు పక్కన యలహంకకు కోడలిగా వచ్చిన ఏడాది నుంచీ అంతే. హారం మా అమ్మ పెట్టినది. పండగనాడు కలశానికి వేస్తాం. తాంబూలానికి వచ్చిన ఆడవాళ్ళు "లక్ష్మి కళకళలాడతా ఉండాది చిక్కమ్మా" అని మా అత్తతో అంటే ఆమె ముఖం వెలిగిపోతుంది. తోమిన చేతుల సంగతి ఎవరికీ గుర్తు రాదు.

ఈసారి తోముతుంటే కుడి పక్కటెముకల కింద మళ్ళీ పట్టేసింది. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. "ఇప్పుడైతే నిదానంగా తీసేస్తాం. చీము పట్టాక పరుగెత్తుకొస్తే ఐసీయూ, ఖర్చు మూడింతలు, ప్రాణానికి నేను హామీ ఇవ్వలేను" అని మొన్ననే చెప్పింది డాక్టరమ్మ. సోమవారం వచ్చి చేరమంది. నాకు భయంగానే ఉంది. మత్తు ఇచ్చాక మెలకువ రాకపోతే? చెబితే నవ్వుతారు కానీ, ఆ భయం మధ్యలోనే గ్యాసు ఎప్పుడు అయిపోతుందో, దోసెల పిండి ఎవరు రుబ్బుతారో అని లెక్కలు వేసుకున్నాను. నా చావుకు కూడా తీరిగ్గా భయపడలేకపోతున్నానే అని నా మీద నాకే కోపం వచ్చింది.

మా ఆయన శశిధర్‌కు చెబితే ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "పండగ కానీలే. నువ్వు పడుకుంటే ఒబ్బట్లు ఎవరు తడతారు? అంత దుడ్డు ఇప్పుడు యాడుండాది?" అన్నాడు. "ఇట్లాటి నొప్పికి మేము వాము నమిలి పనికి పోతా ఉంటిమి" అంది అత్త.

రెండేళ్ళ కిందట ఇదే శ్రావణంలో అత్త బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో ముందు డబ్బు కట్టమనగానే "మునిలక్ష్మీ, హారం తీయి" అన్నాడు శశిధర్. తీసిచ్చాను. పండగ అయ్యేదాకా ఆగుదామని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. ఆ ఏడాది కలశానికి పసుపుకొమ్ము కట్టిన దారమే వేశాం. తర్వాత హారాన్ని విడిపించింది గార్మెంట్ ఫ్యాక్టరీలో నేను చేసిన ఓవర్‌టైమ్. ఆ పండగనాడు అత్త మంచం మీది నుంచే చేతులు జోడించి అన్న మాట నాకు బాగా గుర్తుంది.

హారం కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, దేవుని మూలలో కాకుండా నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

"యాడికి?" అంది అత్త.

"కుదవ పెట్టేదానికి. సోమవారం ఆపరేషన్‌కు చేరతా ఉండాను."

శశిధర్ ఫోన్ పక్కన పెట్టాడు. "పండగపూట అమ్మవారిని బోసిమెడతో కూర్చోబెడతావా?"

చెప్పులు వేసుకుంటూ అత్త వైపే చూశాను.

"ఆ పొద్దు నువ్వేమంటివి అత్తా? 'ప్రాణం కంటే నగ ఎక్కువా, తల్లికి తెలీదా' అంటివి. నా ప్రాణమూ ఆ తల్లికి తెలిసే ఉంటాదిలే."