తొట్టిలోంచి తీసిన సినిమా

యతిరాజులు రీలు విప్పి వేడి కాస్టిక్ సోడానీళ్ల తొట్టిలోకి వదులుతూ, కర్రతో అదుముతున్నాడు. మద్రాసు జార్జి టౌన్ సందులోని ఆ రేకుల షెడ్డుకు వచ్చేవన్నీ ఆడని సినిమాలే. నీళ్లలో బొమ్మ కరిగిపోతుంది, అడుగున వెండి మిగులుతుంది. తేటపడిన ఫిల్ము గాజులు చేసేవాళ్లకు వెళుతుంది. ఆ ఆవిరికి అతని కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. వేళ్ల చివర చర్మం తెల్లగా పొరలు లేచింది. దగ్గు సరేసరి.

ఆ ఉదయం కర్ర ఆగిపోయింది. తొట్టి అంచున వేలాడుతున్న ఫిల్ములో ఓ బక్కపల్చటి మనిషి పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు.

'ఎదుటి పీట'! వారం తిరక్కుండా ఎత్తేసిన సినిమా. పెళ్లాం పోయిన గుమాస్తా రోజూ ఎదురుగా ఖాళీ పీట వేసుకుని, దానితో ఊసులాడుతూ తింటాడు. పాటల్లేవు, కత్తియుద్ధాల్లేవు. జనం తిట్టుకుంటూ లేచిపోయారు. యతిరాజులు మాత్రం చివరిదాకా కూర్చున్నాడు. మర్నాడూ వెళ్లాడు. భార్య గోవిందమ్మ పోయాక అతనికి తోడు కూర్చున్నది ఆ గుమాస్తా ఒక్కడే.

చెయ్యి తొట్టిలో పెట్టి ఫిల్ము లాగేశాడు. మోచేతిదాకా కాలింది.

యజమాని జనార్దనం సెట్టి పరుగెత్తుకొచ్చాడు. "ఏమప్పా, పిచ్చి గానీ పట్టిందా నీకు?"

"ఇది కడగొద్దు సెట్టిగారా. మిగతా కాపీలన్నీ కడిగేసినాం. ఇదొక్కటే ఉండాది."

"ఉంటే? తీసినోడే వొద్దని తూకానికేసినాడు. నీకేమొచ్చె? హీరో మీ మామ కొడుకా?"

"దీపావళికి మీరిచ్చే పంచె నాకొద్దు. దీన్నిచ్చేయండి."

సెట్టి నవ్వబోయి, ఆ చెయ్యి చూసి మానేశాడు. "ఎత్తుకుపో. ఇంట్లో బీడీ మాత్రం కాల్చబాకు, ఈ ఫిల్ముకు నిప్పురవ్వ తగిల్తే వీధంతా అంటుకుంటాది."

సాయంత్రం ఆ సినిమా రీళ్ల డబ్బాలు నెత్తినెట్టుకుని గదికి చేరాడు. గది అద్దెకిచ్చిన మునెమ్మ గుమ్మంలోనే అడ్డుకుంది.

"ఏంది నాయనా ఇవి?"

"సినిమామ్మా."

"ఆడని సినిమా ఎవురు జూస్తారని?"

"చూస్తార్లే."

తడిసినా బొమ్మ ఇంకా కరగని ముక్కను బ్లేడుతో కోసి, పెరటి దండెం మీద ఆమె చీరల మధ్య ఆరేశాడు. ఆరాక అతికించొచ్చు. దగ్గు తెర వచ్చింది. చాప పరుచుకుని పడుకున్నాడు.

తెల్లారి మునెమ్మ పిలిస్తే పలకలేదు.

కొంప తగలబడుతుందన్న భయంతో ఆమె డబ్బాలను సినిమా హాల్లో ఆపరేటర్ ఆరోగ్యసామికి ఇచ్చేసింది. అతను వాటిని చల్లటి మూల పెట్టి కాపాడాడు.

చాలా ఏళ్లకు కాలేజీ కుర్రకారు ఎవరో వాటిని బయటికి తీశారు. ఇప్పుడు 'ఎదుటి పీట' వేస్తే హాలు పట్టదు. ఒకచోట గుమాస్తా ఖాళీ పీటతో ఏదో చెప్పబోతాడు, మరుక్షణం చెయ్యి కడుక్కుంటుంటాడు. హాలంతా ఊపిరి బిగబట్టుకుంటుంది. "ఏమన్నాడో చెప్పకుండా వదిలేశాడు చూడు, అదీ డైరెక్టరంటే!" అని కాఫీ హోటళ్లలో వాదించుకుంటారు.

యతిరాజులు పోయిన ఉదయం, చీరలన్నీ తీసేశాక దండెం మీద ఆ ముక్క ఒక్కటే మిగిలింది. గాలికి మెలి తిరుగుతూ, ఎండ తగిలినప్పుడల్లా అందులో గుమాస్తా నోరు తెరుస్తున్నాడు.