నీళ్లు ఇంకే రంగు

ఇంట్లో అందరూ అతన్ని సేఠ్ అంటారు. బావమరిది వెటకారానికి పెట్టిన పేరు, వాడుకలో నిలిచిపోయింది. నిజానికి సేఠ్‌కు దుకాణమంటూ లేదు. ఒక ఫోను, లేబుళ్లు అచ్చేసే చిన్న యంత్రం, ముందుగదిలో సగాన్ని మింగేసిన అట్టపెట్టెలు, అంతే. ఆ ఇంట్లో సోఫా మీద కూర్చోవాలంటే ముందు ఒక పెట్టెను కిందికి దించాలి.

సాటి ముస్లింలకు పనికొచ్చే సరుకే అమ్మాలని అతని పట్టుదల. మొదట అత్తరు అమ్మాడు. సీసాలు దారిలోనే కారిపోయేవి, పోస్టాఫీసువాళ్లు అతని పార్సిళ్లను చిరునామా చూడకుండానే గుర్తుపట్టేవాళ్లు. తర్వాత దిక్సూచి కుట్టిన నమాజు చాపలు. వాటి అంచుకు అయస్కాంతం గుండీ ఉన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మక్కా ఉన్న దిక్కు, కిబ్లా, వెతుక్కోవడానికి సాయపడాల్సిన ముల్లు బుద్ధిగా గుండీ వైపు తిరిగి కూర్చుంది. మూడోసారి తలగుడ్డలు. ఫోనులో ఒక రంగు, చేతికొచ్చాక మరో రంగు. అమ్మినవాటికంటే తిరిగొచ్చినవే ఎక్కువేమో అనిపించేది.

ఆన్‌లైన్ పాఠాలు చెప్పే ఒకాయన, రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు, ఒక్క సరుకే పట్టుకో, దానికోసం జనం నిన్నే వెతుక్కుంటూ రావాలి అన్నాడు. పడవలు మూడు మునిగినవాడికి ఇది కొత్త సంగతేం కాదు. అయినా సేఠ్ ఆ మాట పట్టుకుని నెలరోజులు ఆలోచించాడు. అప్పటికి నలభై దగ్గర పడుతున్నాడు. కళ్లజోళ్ల షాపులో రోజంతా నిలబడి భార్య తెచ్చే జీతంతో ఇల్లు గడుస్తోంది. కొత్తగా ఏదైనా మొదలుపెట్టాలంటే ఒళ్లు బరువెక్కే రోజులవి.

చివరికి గోళ్ల రంగు దొరికింది. నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే వజూలో గోటికీ నీళ్లు తగలాలి, లేకపోతే నమాజు చెల్లదు. మామూలు రంగు పొరలా అడ్డు పడుతుంది కాబట్టి నమాజు చేసే ఆడవాళ్లు చాలామంది రంగు జోలికే పోరు. ఈ రంగులోంచి నీళ్లు ఇంకుతాయని తయారుచేసినవాళ్లు ముద్ర వేసిన కాగితం పంపారు. సేఠ్ ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశాడు. నాలుగు నెలల్లో రెండువందల మందికి పైగా కొన్నారు. మొట్టమొదటి సీసా భార్యే తీసుకుంది, ఇటుక రంగుది. ఆరోజు నుంచి ఆమె గోళ్లు ఆ రంగు లేకుండా అతనికి కనిపించలేదు.

ఇంతలో రంగు కొన్న ఒకావిడ, బడిలో టీచరు, ఫోనులో రాసింది. "అన్నా, నీళ్లు ఇంకడం మీరు స్వయంగా చూశారా? నా నమాజు మీ మాట మీద ఉంది."

చూడలేదు. అసలు చూడాలనే తోచలేదు. ఆ మధ్యాహ్నం కాఫీ వడపోసే కాగితం మీద ఒక పూత వేసి, ఆరనిచ్చి, ఒక చుక్క నీళ్లు వేశాడు. చుక్క ఎక్కడిదక్కడే ఉంది. పావుగంట ఆగి కాగితం తిరగేస్తే అడుగు పొడిగా ఉంది. వేలితో రుద్దినా చుక్క దిగలేదు. మరో ఐదు రంగులు తెరిచాడు. అన్నీ ఒకే తంతు. కంపెనీకి ఫోను చేస్తే పూత మందంగా వేసుంటారన్నారు, ముద్ర వేసిన కాగితం ఉందిగా, ఇంకేం కావాలన్నారు.

బావమరిదిది ఇంకో లెక్క. తయారు చేసింది నువ్వు కాదు, పాపం వాళ్లది, ఉన్న సరుకు అయ్యేదాకా గమ్మునుండు అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ఈ వ్యాపారమూ పోతుంది, ఐదోది మొదలుపెట్టే ఓపిక తనలో లేదని సేఠ్‌కు తెలుసు. చెప్పకపోతే ఇంతమంది నమాజులు అతని మెడకు చుట్టుకుంటాయి. అన్నింటికంటే భార్య ముఖం తలచుకుంటే భయమేసింది. నాలుగు నెలలు, రోజుకు ఐదు పూటలు, తనను నమ్మే కదా ఆమె ఆ రంగుతో నిలబడింది.

సాయంత్రం ఆమె వచ్చి, సోఫా మీది పెట్టె దించి కూర్చుంది. సేఠ్ దాచలేదు. రంగు పూసిన వడపోత కాగితాలన్నీ ముందు పరిచి, అందరికీ పంపాలని రాసుకున్న క్షమాపణ చదివి వినిపించాడు.

ఆమె కాగితాల వంక చూడలేదు.

"మొదటి వారంలోనే నాకు అనుమానం వచ్చింది," అంది. "ప్రతి వజూకి ముందు తుడిచేసి, నమాజయ్యాక మళ్లీ వేసుకునేదాన్ని. మీ కంట పడేసరికి ఉండాలని."

సేఠ్‌కు అది కళ్లకు కట్టింది. రోజుకు ఐదుసార్లు. పగలు షాపు సామాన్ల గదిలో, మిగతా వేళల్లో ఇంట్లో తలుపేసుకుని, నిలబడి, ఆరేదాకా వేళ్లు ఊదుకుంటూ. ఆ అలసట ఎవరికోసం పడిందో అర్థమై కళ్లు మండాయి.

"చెబితే ఏమయ్యేది?"

"మూడూ పోయాక మీరు సరిగ్గా తిన్నది, పడుకున్నది ఈ నాలుగు నెలలే."

"మరి కొన్నవాళ్లు?"

తనది ఒట్టి అనుమానమేనని, పరీక్ష చేసి చూస్తే నిజమని తేలిపోతుందేమోనని చూడలేదని అంది ఆమె. చూడకుండా అమ్మినవాడు, చూడకుండా ఊరుకున్నదాన్ని ఏమంటాడు?

ఆమె లేచి అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. రాసి పంపితే సగం మంది చదవరు, ఒక్కొక్కరికీ చెప్పాల్సిందే అంది. టీచరు నంబరు నొక్కి, అవతల ఎత్తేదాకా నిలబడే ఉంది.

"నేను మీకు రంగు అమ్మినాయన భార్యనమ్మా," అంది. "మీకొక మాట చెప్పాలి. నాలుగు నెలల కిందటే నేను చెప్పాల్సిన మాట."