పేరు పెట్టి పిలిచే పళ్ళు

కామవరపుకోట పక్క మెట్టలో వేసవి వచ్చిందంటే ఏలీయాకి తెల్లారేది కలివి పొదల దగ్గరే. పొద్దెక్కేలోపు బుట్ట నింపుకుని ఇంటికొస్తాడు. భార్య నిర్మల పళ్ళు సర్ది ఇస్తే ఏలూరు బస్సెక్కుతాడు. అతని బుట్టలో చెడ్డ పండు వచ్చిందన్న మాట ఏలూరులో ఎవరూ ఎరగరు.

ఆ పొదల మధ్యనే అచ్చం కలివి పళ్ళలా నల్లగా నిగనిగలాడే విషపు పళ్ళూ కాస్తాయి. ఆకు చూసో గింజ చూసో పోల్చుకోవడం ఊళ్ళో ఎవరికీ రాదు. ఆ అవసరమే పడలేదు. విషపు పళ్ళు మనిషిని పేరు పెట్టి పిలుస్తాయి, అదీ ఎంతో గారంగా. మంచి పళ్ళు నోరు మూసుకుని ఉంటాయి. పిలిచినదాన్ని వదిలెయ్యాలి, పిలవనిదాన్ని కోసుకోవాలి. అక్షరాలకంటే ముందు పిల్లలకి నేర్పేది ఇదే.

ఆ ఏడు తొలి కోత రోజు నిర్మల పళ్ళు సర్దుతూ ఒకటి నోట్లో వేసుకోబోయింది.

"నిర్మలా, నా బంగారం..." అని వినబడింది.

ఆమె ప్రాణం లేచొచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడి నోట అంత మెత్తని మాట వినలేదు మరి. సిగ్గుపడుతూ వెనక్కి తిరిగింది. ఏలీయా దూరంగా నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"తినవూ, తల్లీ?" అంది చేతిలోని పండు.

నిర్మల దాన్ని విసిరికొట్టింది. బుట్ట నిండా గుసగుసలే. ఒక్క పరుగున వెళ్ళి మొగుడి చెవి దగ్గర అరిచింది.

"ఏవండీ, మీకు వినబడట్లేదు కదూ?"

ఏలీయా తల దించుకున్నాడు. "ఈస్టర్ అప్పట్నుంచే. చెబితే పొదలకి పోనివ్వవని..."

"ఇవాళ బస్సెక్కుంటే ఏమయ్యేదండీ! ఆ పిలుపేంటో ఏలూరు వాళ్ళకేం తెలుసు? మురిసిపోయి తినేస్తారు."

"ఇక మానేస్తాలే," అన్నాడు. ఆ గొంతు విని నిర్మలకి కోపమంతా కరిగిపోయింది.

"మానెయ్యడం దేనికండీ? నేనూ వస్తాను. కొయ్యడం మీరు చూసుకోండి, వినడం నేను చూసుకుంటాను."

మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. మొదటి పొద దగ్గర నిర్మల చెవి ఒగ్గింది.

"ఏమంటన్నాయే?" అని మెట్టంతా వినబడేలా అడిగాడు ఏలీయా.

"నేను లేకపోతే అవి బతకలేవంటండీ!"

నవ్వుకుంటూ పక్క పొదకి నడిచారు. అది నోరెత్తలేదు. ఏలీయా ముళ్ళకొమ్మ వంచి పట్టుకున్నాడు. నిర్మల చెయ్యి పెట్టబోతుండగా మెల్లగా వినబడింది.

"నేనూ అంతేనే, నిర్మలా."

ఆమె చప్పున చెయ్యి లాక్కుని, పొదకి చెవి ఆనించి చాలాసేపు విన్నది. పొద ఏమీ అనలేదు.

నిర్మల మొగుడి వంక చూసి, కళ్ళు తుడుచుకుని ఆ పళ్ళన్నీ కోసింది.