‘అన్నీ’ అని నొక్కిన వేలు

మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆమె టేపక్క. ముందు గదిలో కుట్టుమిషను, దాని వెనక మందపాటి తెర, తెర వెనక కొలతలు తీసుకునే చోటు. ఆ తెర దాటి మగవాడు అడుగు పెట్టడానికి వీల్లేదు. కట్టుకున్న మొగుడైనా సరే, ఇస్త్రీపెట్టె కావాలంటే తెర ఇవతల నిలబడి దగ్గాల్సిందే.

గుడ్డ విషయంలో అయితే ఆమెకు ఎవరి మీదా నమ్మకం లేదు. ఎంత ఖరీదైన గుడ్డ తెచ్చినా ఓ మూల నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, రంగు దిగుతుందా, పొట్టిబడుతుందా అని చూసుకుని గానీ కత్తెర పట్టదు. “అమ్మేవాడు వంద చెబుతాడు. నేను గుడ్డనే అడుగుతాను” అంటుంది. తొందరపడే ఆడవాళ్ళు విసుక్కుంటారు, కానీ మళ్ళీ ఆమె దగ్గరికే వస్తారు.

ఆమెకు ఇంకో అలవాటు ఉంది. కొలతల అంకెలు మనిషిని పూర్తిగా చెప్పవని ఆమె నమ్మకం. ఒకరి భుజం కిందికి వాలి ఉంటుంది, ఒకరి వెన్ను కాస్త వంగి ఉంటుంది. అందుకని లోదుస్తులతో నిలబెట్టి, టేపు పట్టి, ముందు నుంచీ వెనక నుంచీ ఫోన్‌తో ఫోటో తీసుకుంటుంది. మెడ దగ్గరే ఫోటో ఆగిపోవాలి, ముఖం పడకూడదు. “ఇది నా కళ్ళకే” అని చెబుతుంది. ఆ మాట మీదే వాళ్ళు నిశ్చింతగా నిలబడేవాళ్ళు.

ఇంత జాగ్రత్త గల మనిషికి ఏ ఆపదా రాదనే మనం అనుకుంటాం. ఆపద తెర తొలగించుకునే రావాలని లేదు కదా.

కుట్టిన గౌన్ల ఫోటోలు నలుగురికీ చూపించాలని టేపక్కకు మనసు పుట్టింది. తీసిన ప్రతి ఫోటోలోనూ వెనక చిందరవందర సామాను, కత్తిరింపుల కుప్ప, కుప్ప మీద బజ్జున్న పిల్లి. అవన్నీ చెరిపేసే యాప్ కోసం వెతికింది. మొదట దొరికినది ఫోటో దిద్దిన ప్రతిసారీ “ఏ ఫోటో ఇస్తారు?” అని అడిగింది. “సాధింపులత్తగారిలా ఉందే ఇది” అని దాన్ని తీసిపారేసింది. రెండోది చూడముచ్చటగా ఉంది. పసుపురంగు కన్ను బొమ్మ, కన్ను కొడుతున్నట్టు చూపు, కింద వాడినవాళ్ళు మెచ్చి ఇచ్చిన బోలెడు నక్షత్రాలు. “అన్ని ఫోటోలూ చూడనిస్తారా?” అంది. ‘అన్నీ’ అని నొక్కింది. “మీ పరిచయస్తుల నంబర్లు?” సరే అంది. ఆ తర్వాత బట్ట తాను విప్పినట్టు అంతు లేకుండా ఏదో రాత వచ్చింది. బొటనవేలితో ఒక్క తోపు తోసి, చివర ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కేసింది. ఆ క్షణంలోనే పిల్లి మాయమైంది, గౌను ధగధగలాడింది, టేపక్క మురిసిపోయింది. గుడ్డను నీళ్ళలో ముంచి చూసే మనిషి, దీన్ని కనీసం తడిమి కూడా చూడలేదు.

కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, బ్యాంకులో పనిచేసే ఆవిడ వచ్చింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, తెర పక్కకు లాగి, లోపలికి వచ్చి, మళ్ళీ జాగ్రత్తగా మూసింది.

“అక్కా, ఇది నువ్వు పంపావా?”

ఆవిడ ఫోన్‌లో సంగీతం మోగుతోంది. ‘మీ కోసం టేపక్క జ్ఞాపకాలు’ అని పైన రాసి ఉంది. ఒక గౌను, ఇంకో గౌను, పిల్లి. ఆ తర్వాత ఒక ఆడమనిషి వీపు, లోదుస్తులు, వీపు మీద అడ్డంగా పరిచిన టేపు, మెడ కింద ఓ పుట్టుమచ్చ.

“ఆ పుట్టుమచ్చ నాదక్కా. జాకెట్టు వేసుకున్నా అందరికీ కనబడేదే.”

టేపక్క ఫోన్ లాక్కుని మళ్ళీ మొదటి నుంచి చూసింది.

“నా దగ్గరా ఈ యాప్ ఉంది కాబట్టి నాకొచ్చింది. నీ నంబర్లలో ఇంకెంతమంది దగ్గరుందో? మా మేనేజరు నంబరు కూడా నీ దగ్గరుందిగా? ఆయన భార్య బట్టలు నువ్వే కుడతావు.” ఆవిడ ఫోన్ వెనక్కి తీసుకుంది. “రేపు ఆ సీట్లో ఎలా కూర్చోను?”

సమాధానం కోసం కూడా ఆగకుండా వెళ్ళిపోయింది. టేపక్క కూతురు డ్యూటీ నుంచి వచ్చేసరికి తల్లి మిషను ముందు కూర్చుని ఉంది, కాలు తొక్కుడుబల్ల మీదే ఉంది, మిషను మాత్రం కదలడం లేదు.

కూతురు ఫోన్ తీసుకుని చూసింది. “ఒక్కొక్కరికి ఒక్కో రకం ఆల్బమ్ అదే కట్టి పంపుతుందట. ఎవరికేం వెళ్ళిందో మనకు చూపించదు.”

“తీసెయ్యవే దాన్ని.”

“తీసేశాను. మన ఫోన్‌లోంచి పోయింది, అంతే. వాళ్ళ దగ్గరికి చేరినవి చేరినట్టే.”

అప్పుడు గుర్తొచ్చింది టేపక్కకు.  “ఆటల టీచరమ్మ” అంది.

ఆటల టీచరమ్మకు జబ్బు చేసి, డాక్టర్లు ఒక రొమ్ము తీసేశారు. ఆ సంగతి ఆమె బడిలో ఎవరికీ తెలియదు. లోపల మెత్త అమర్చి, పరుగెత్తినా చెదరకుండా బట్టలు కుట్టేది టేపక్కే. ఆ కుట్టు కోసం తీసిన ఫోటోలో ముఖం లేదు. కానీ ఆరోజు ఆవిడ మెడలో ఈల తియ్యడం మరిచిపోయింది. నీలం తాడుకు కట్టిన ఆ ఈల ఎవరిదో ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. బడి బట్టల పని వల్ల హెడ్మాస్టరు నంబరూ టేపక్క ఫోన్‌లో ఉంది, టీచర్ల నంబర్లూ ఉన్నాయి.

“చెప్పకమ్మా” అంది కూతురు. “వెళ్ళిందో లేదో తెలియదు. వెళ్ళకపోతే నువ్వే ఆమె గుండెల్లో చిచ్చు పెట్టినదానివవుతావు. పైగా రేపటి నుంచి మన గడప ఎవరు తొక్కుతారు?”

కూతురి మాటలో నిజం లేకపోలేదు. అయినా టేపక్క చెప్పులు వేసుకుంది. “నా కళ్ళకే అన్నానే” అంది.

టీచరమ్మ ఇంటికి దాటాల్సిన రెండు వీధులూ ఆమెకు ఎడారిలా తోచాయి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళందరూ తలలు వంచుకుని ఫోన్లు చూస్తున్నారు. కొట్టు ముందు ఇద్దరు మగవాళ్ళు ఒకే ఫోన్‌లోకి తొంగిచూసి నవ్వారు. వాళ్ళు దేనికి నవ్వారో ఆమెకు తెలియదు.   మెడలో టేపును గుప్పిట్లో ముడిచి పట్టుకుని నడిచింది.

ఆటల టీచరమ్మ ముందు గదిలో బంతులకు గాలి కొడుతోంది. “రా టేపక్కా. కొత్తది కుట్టడం అయిపోయిందా?”

టేపక్క నిలబడే చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. చెబుతుండగానే పంపు ఆగిపోయింది.

“ఈల పడిందా అందులో?”

“పడిందమ్మా.”

“ఎవరెవరు చూశారు?”

“తెలియదమ్మా. ఎవరూ చూసి ఉండకపోవచ్చు. అందరూ చూసి ఉండొచ్చు.”

టీచరమ్మ గోడకు ఆనుకుంది. చెయ్యి తనంతట తానే గుండె మీదికి, ఆ మెత్త మీదికి వెళ్ళింది. మైదానంలో వందమందిని ఒక్క ఈలతో నిలబెట్టే మనిషి, నేల మీద కూలబడింది. “రేపు పిల్లల ముందుకు ఎలా వెళ్ళను? నిన్ను నమ్మాను కదే” అంది. ఆ ‘కదే’ టేపక్కకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

కాసేపటికి టీచరమ్మ తలెత్తింది. “ఏ యాప్ అది?”

“పసుపు కన్ను బొమ్మమ్మా. కన్ను కొడుతున్నట్టు ఉంటుంది.”

టీచరమ్మ పంపును పక్కకు తోసేసింది. తడుముకుంటూ తన ఫోన్ తీసింది. అందులోనూ ఉంది పసుపు కన్ను. పిల్లల ఈత పోటీల ఫోటోలకు వెలుగు సరిచెయ్యడానికి పెట్టుకుంది. తడి ఈతబట్టల్లో చిన్నపిల్లలు, బడికి వచ్చే పిల్లలందరి ఇళ్ళ నంబర్లు, అన్నీ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి.

“నిన్ను తిట్టడానికి నోరు తెరిచాను” అంది చాలా మెల్లగా. “నేనూ ‘అన్నీ’ అనే నొక్కాను. ఏం రాసుందో నేనూ చదవలేదు. నాకు చదువు చెప్పడం మాత్రం వచ్చు.”

మర్నాడు ఉదయం బడి మైదానంలో తల్లిదండ్రులను పిలిపించారు. వెనక వరసలో టేపక్క నిలబడింది, కూతురు పక్కనుంది. కాస్త దూరంలో బ్యాంకావిడ కూడా ఉంది, ఇటు చూడలేదు. ముందు హెడ్మాస్టరు మాట్లాడబోతే టీచరమ్మ వద్దంది. మెడలో ఈల అలాగే ఉంది.

మొదట పిల్లల ఫోటోల సంగతి చెప్పింది. జనంలో కలకలం రేగింది. ఒక తండ్రి “మా పాప ఫోటో ఎవడి దగ్గరుంది?” అని అరిచాడు. “తెలియదండీ” అంది ఆమె. “నేను మీకు ఇవ్వగలిగిన జవాబు అదొక్కటే. రాత్రే పోలీసులకు రాసిచ్చాను. వాళ్ళూ ఇంతకన్నా చెప్పలేకపోయారు.”

 ఈలను గుప్పిట్లోకి తీసుకుంది.

“ఇంకో మాట. నీలం తాడుకు ఈల ఉండి, ఒక రొమ్ము లేని ఆడమనిషి ఫోటో మీలో ఎవరికైనా రావచ్చు. ఆమె ఎవరో అని గుసగుసలు పోకండి. నేనే. దాచుకుని దాచుకుని భయపడే ఓపిక నాకు అయిపోయింది.”

 వెనక వరసలో టేపక్క పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బ్యాంకావిడ అప్పుడు తల తిప్పి ఆమె వైపు చూసింది. దగ్గరికి మాత్రం రాలేదు.

“తలుపు కొట్టినవాడిని ఎవరు, ఏం కావాలి అని అడగకుండా మనం లోపలికి రానివ్వం” అంది టీచరమ్మ. “ఫోన్‌లో మాత్రం ఒక బొమ్మ బాగుందని, నక్షత్రాలున్నాయని, ఇల్లంతా అప్పగించేస్తున్నాం. ఏం అడుగుతోందో చదవండి. ఒక్క ఫోటోతో పనయ్యే చోట ఒక్కటే ఇవ్వండి. అన్నీ కావాలని పట్టుబడితే అది మనకు పనికొచ్చేది కాదు. మీ ఫోన్‌లో ఉన్న ఫోటోలన్నీ మీవి కావు. మిమ్మల్ని నమ్మి మీ ముందు నిలబడ్డవాళ్ళవి. ‘అన్నీ’ అని నొక్కే ముందు వాళ్ళ ముఖాలు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.”