బోను నేర్చిన ఇంగ్లీషు

నేను ఒక బోనును. పులిని పెట్టేది కాదు, మనిషిని నిలబెట్టేది. ఒక చిన్న ఊరి కోర్టులో ముద్దాయిలు ఎక్కి నిలబడిన చెక్క బోనును. ఇప్పుడు ఆ కోర్టు వెనక రేకుల షెడ్డులో, కాళ్లు విరిగిన బెంచీల కింద పడి ఉన్నాను.

నన్ను చేసింది వడ్ల రాజమౌళి. జడ్జిగారి కుర్చీకి టేకు, నాకు వేపచెక్క. ఎవరి స్థాయి ఏమిటో అప్పుడే తేల్చేశారు. అయినా రాజమౌళి మంచివాడు. నా పైపట్టెను గరుకు కాగితంతో పొద్దంతా రుద్దాడు. "బుగులుతోని గట్టిగ పట్టుకుంటరు పాపం. పెచ్చులు గుచ్చుకోవద్దు" అన్నాడు. నాలో నిలబడబోయేవాళ్ల గురించి అంత ఆలోచించిన మనిషిని తర్వాత నేను చూడలేదు.

నా చదువంతా ఆ పైపట్టె మీదే సాగింది. ఆ హాల్లో పెద్ద మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఎవరి బతుకు గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషికి తప్ప అందరికీ అర్థమయ్యేవి. నాకు పలకా బలపం ఎవరిస్తారు? చేతులను బట్టి నేర్చుకున్నాను. 'రిమాండ్' అన్నాక వేళ్లు బిగుసుకునేవి. 'బెయిల్' అంటే అరచేతులు వదులయ్యేవి. 'అక్విటెడ్' అన్నప్పుడు ఒక ముసలాయన ఏమీ తెలియక అలాగే నిలబడిపోయాడు. "పో తాతా, ఇడిసిపెట్టిండ్రు" అని బంట్రోతు చెబితే, నాకే దండం పెట్టి దిగాడు.

'కన్విక్షన్' మాత్రం నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ మాట పడ్డవాళ్లలో కొందరు నవ్వుకుంటూ దిగేవారు. జరిమానా కట్టి ఇంటికే కదా పోయేది! ఏళ్ల తర్వాత అదే మనిషి మళ్లీ ఎక్కితే సర్కారు వకీలు లేచి పాత కన్విక్షన్ చదివేవాడు. జరిమానా కట్టినా నేరం చేశాడన్న ఆ మాట పోదని అప్పుడు తెలిసింది.

ఇంత తెలిసీ రజితకు ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

రజిత కూరగాయలమ్మే పోశవ్వ కూతురు. పోలీసు ఉద్యోగం కోసం రోజూ కాలేజీ గ్రౌండులో పరుగెత్తేది. వాడలో నీళ్లు రావడం లేదని ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చున్నప్పుడు ఎవరో బస్సు అద్దం పగలగొట్టారు. ముందు వరసలో ఉన్న రజిత మీద కేసు పడింది. వాయిదా మీద వాయిదా. వాయిదా ఉన్న రోజు పోశవ్వకు బేరం ఉండేది కాదు.

మా కోర్టులో ఒక అలవాటుంది. చిన్న కేసైతే ముద్దాయిని పక్కకు పిలిచి ఒప్పేసుకోమంటారు. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కాదు, వాళ్లకూ పని తొందరగా తెమలాలి. కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ నా పక్కనే నిలబడి తల్లీకూతుళ్లకు అదే చెప్పాడు.

"నేను రాయి ఇసరలే గద సార్. ఎట్ల ఒప్పుకోవాలె?" అంది రజిత.

"ఒప్పుకుంటె ఫైను. లేకుంటె ఎన్నేండ్లు తిరుగుతవో నీ ఇష్టం."

"పిల్ల పోలీసు నౌకరికి ఉరుకుతున్నది సారూ. దానికేమన్న అడ్డమైతదా?" అని అడిగింది పోశవ్వ.

"ఫైను కడితె కేసే ఉండదవ్వా. ఇగ అడ్డమేంది?"

పోశవ్వ కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "ఒప్పుకో బిడ్డా. ఈ గోస ఇయ్యాల్టితోని పోతది."

రజిత ఎక్కింది. జడ్జిగారు తెలుగులోనే అడిగారు. ఎవరైనా బెదిరించారా అని కూడా అడిగారు. రజిత తల్లి వైపు చూసి, "లేదు సార్. ఒప్పుకుంటున్న" అంది. తర్వాత ఆయన ఇంగ్లీషులో చెబుతూ పోయారు, స్టెనో రాసుకుంది. మధ్యలో 'కన్విక్టెడ్' అన్న మాట వినపడింది. గొంతుంటే అరిచేదాన్ని. రజిత చేతులు మాత్రం నా మీద తేలిగ్గా ఉన్నాయి. తల్లీకూతుళ్లు జరిమానా కట్టి నవ్వుకుంటూ వెళ్లారు.

మళ్లీ పోశవ్వను చూసింది ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ. హాలు ఖాళీ. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చింది. అటూ ఇటూ చూడకుండా నేరుగా నాలోకి ఎక్కింది. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీకి చేతులు జోడించింది.

"దొరా, నా బిడ్డ రాయి ఇసరలే. ఉరికి ఉరికి పాసైంది. పరీచ్చ గూడ పాసైంది. కేసుల శిక్ష పడ్డదని పేరు తీసేసిండ్రు. అన్నం తింటలేదు, నాతోని మాట్లాడ్తలేదు. ఒప్పుకొమ్మన్నది నేను దొరా. కేసుల దాని పేరు కొట్టేసి నా పేరు రాసుకో."

జోడించిన చేతులు విడదీసి నా పట్టెను పట్టుకుంది. అంత గట్టిగా నన్ను ఏ నేరస్థుడూ పట్టుకోలేదు. నేను ఏడ్చాను. ఎవరికీ వినపడలేదు.

బంట్రోతు టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. "అవ్వా, దిగు. సారు లేడు."

"సారున్నప్పుడు ఎక్కనియ్యరు గద కొడుకా" అంది పోశవ్వ. "జరసేపు నిలబడనియ్యి."