నోట్లో పట్టని టార్చి

మా నాన్న లిఫ్టు మెకానిక్కు. ఆయన దగ్గరే పని నేర్చుకుంటూ ఆయనతోనే పనిచేస్తున్న కూతుర్ని నేను. మా పనికి రెండు చేతులూ చాలవు. అందుకే చిన్న టార్చిని పళ్ళతో కరిచి పట్టుకుంటాం.

ఈమధ్య నాన్నకి కట్టుడు పళ్ళు పెట్టారు. టార్చి కరిస్తే పళ్ళు కదిలిపోతున్నాయి. ఈ పొద్దున టార్చీ, పళ్ళూ కలిసి లిఫ్టు గుంటలో పడ్డాయి. పళ్ళు దొరికాయి, టార్చి పగిలింది.

"ఇంక నావల్ల కాదు. ఈ సంచీ నువ్వే ఉంచుకో" అని పనిముట్ల సంచీ నా ఒళ్ళో పెట్టేశాడు.

పని సగం కూడా నాకు రాదు. నోట్లో టార్చి ఉన్న మనిషి ఏం చెబుతాడు? ఒక "ఊ" అంటే స్క్రూడ్రైవరు, గట్టిగా "ఊఊ" అంటే స్పానరు. అదే నా చదువంతా. పనయ్యాక అడిగితే "చూశావుగా" అని టీ తాగడానికి పోతాడు.

"సాయంత్రం లోపు నీకు సరిపోయే టార్చి దొరక్కపోతే అప్పుడు మానేద్దువుగాని" అని, చెయ్యి పట్టుకుని కొట్టుకి లాక్కెళ్ళాను.

కొట్టాయన తన సరుకులో ఘనమైనది తీశాడు. "వీధి చివరిదాకా కనిపిస్తుందండీ."

"వీధితో నాకేం పని? స్క్రూ కనబడితే చాలు" అన్నాడు నాన్న. అంటూనే దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. నేను ఇంకోటి కరిచి చూశాను.

కొట్టాయన తెల్లబోయాడు. "అమ్మా, అవి తినేవి కావు."

ఇనుపది బరువు. రబ్బరుది జారిపోతోంది. సన్నది నిలిచింది, కానీ నాన్న తల వంచగానే పైవరస పళ్ళు ఊడాయి. నాన్న మొహం తిప్పుకుని గుమ్మం వైపు నడిచాడు.

"ఉండండి, కింద అరలో ఇంకొన్ని ఉన్నాయి" అని కొట్టాయన జేబులోంచి వేలెడంత టార్చి తీసి, తన టోపీ అంచుకి తగిలించి, రెండు చేతులతో డబ్బాలు జరపసాగాడు.

నా ప్రాణం లేచొచ్చింది. "నాన్నా, నీ నెత్తిన ఏముంది?"

తడుముకున్నాడు. "టోపీ."

ఇద్దరికీ టోపీలున్నాయి. బుర్రలే లేవు. ఇన్నేళ్ళూ నోరు తప్ప ఇంకో చోటు తోచలేదు. నవ్వాపుకోలేక కౌంటరు పట్టుకున్నాను. కొట్టాయన దగ్గర అలాంటిది ఒకటే మిగిలింది. నాన్న తగిలించుకుని, తల అటూ ఇటూ తిప్పి, కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా మురిసిపోయాడు.

ఇంటికి పోదామంటే వినలేదు. తిన్నగా పొద్దున సగంలో వదిలేసిన లిఫ్టు దగ్గరికే తీసుకెళ్ళాడు. ఇద్దరం లిఫ్టు కప్పు మీదికెక్కాం. నా పాత టార్చి నేను పళ్ళతో కరుచుకున్నాను.

నాన్న తలుపు రోలరు మీద చెయ్యి వేసి, అలవాటుగా "ఊ" అన్నాడు. నేను స్క్రూడ్రైవరు అందించాను. తీసుకుని, పెదాలు తడుముకున్నాడు. నోరు ఖాళీగా ఉందన్న సంగతి అప్పుడే తెలిసినట్టుంది.

"అమ్మడూ, ఈ రోలరుని బిగించేటప్పుడు వెంట్రుకంత సందు వదులుతాను. ఎందుకో తెలుసా?"

ఇన్నేళ్ళలో పని మధ్యలో ఆయన మాట్లాడడం అదే మొదలు. నా టార్చి నోట్లోంచి తీసి జేబులో పడేశాను. ఆయన టోపీ మీది వెలుగు ఇద్దరికీ సరిపోతుంది.

"తెలీదు నాన్నా" అన్నాను. "చెప్పు."